ఎలుగుబంటి బొమ్మల సీసా: వెనకవైపు తిప్పి చదివితే

ఈ నెల నా బల్ల మీదికొచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే వస్తువు గురించి: పిల్లల విటమిన్ గమ్మీలు, అంటే ఎలుగుబంటి లాంటి ఆకారాల్లో జెల్లీ మిఠాయిలా నమిలి తినే విటమిన్లు. నేను ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో శ్రీకాకుళంలో ఈ మాటే వినలేదు. ఇప్పుడు ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఏ మందుల షాపుకెళ్లినా దగ్గు మందులకంటే ముందు ఈ రంగు సీసాలే కనబడుతున్నాయి. జ్వరాలు, విరేచనాల ఉత్తరాలకు వచ్చే నెల జవాబిస్తాను. ఈసారి వీటి సంగతే చూద్దాం.

డాక్టరమ్మ గారికి నమస్కారం. మా బాబుకి అయిదేళ్లు. కూర పేరెత్తితే నోరు బిగించేస్తాడు. పప్పన్నం, పెరుగన్నం, బంగాళదుంప వేపుడు, అంతే. పాలు మాత్రం రోజుకు మూడు గ్లాసులు తాగుతాడు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు హోల్ ఫుడ్ విటమిన్ గమ్మీలని రెండు సీసాలు పంపాడు. సీసా మీద పాలకూర, క్యారెట్, బ్లూబెర్రీ బొమ్మలున్నాయి. "ఇవి మామూలు విటమిన్లు కావక్కా, అచ్చంగా పళ్లు, కూరగాయలతో చేసినవి" అంటున్నాడు. రోజూ ఇస్తే వాడు కూర తినకపోయినా పర్వాలేదా? సీసా వెనకవైపు ఫొటో కూడా పంపుతున్నాను.
– ఒక తల్లి, నరసన్నపేట

అమ్మా, వెనకవైపు ఫొటో పంపారు, సంతోషం. మిగతావాళ్లంతా ముందువైపు బొమ్మలు వర్ణించి రాశారు. ముందువైపు అమ్మేవాళ్ల ఇష్టం, వెనకవైపు చట్టం. మీరూ సీసా పక్కన పెట్టుకోండి, కలిసి చదువుదాం.

మొదట సర్వింగ్ సైజ్, అంటే ఒకసారికి తినే మోతాదు, చూడండి. మూడు గమ్మీలు అని ఉంది. అంటే కింద రాసిన అంకెలన్నీ మూడింటికి కలిపి. చక్కెర 6 గ్రాములు. చెంచా పంచదార 4 గ్రాములనుకుంటే చెంచాన్నర. నెల తిరిగేసరికి 180 గ్రాములు. ఆరోగ్యానికని ఇచ్చేదాంట్లోనే ఇంత పోతోంది, మిగతా బిస్కెట్లు, చాక్లెట్ల లెక్క వేరే.

తర్వాత దినుసులు. ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది మన దేశంలోనూ అమెరికాలోనూ రూలే. మీ సీసాలో మొదటిది టాపియోకా సిరప్, అంటే కర్రపెండలం పాకం. రెండోది చెరకు పంచదార. మూడోది నీళ్లు. ఆ తర్వాత జెల్లీలా గట్టిపరిచే పెక్టిన్, పులుపునిచ్చే సిట్రిక్ యాసిడ్, వాసన కోసం వేసేవి. అవన్నీ అయ్యాక పళ్లు, కూరగాయల పొడి. సిరప్‌కీ పంచదారకీ ముందు ఆర్గానిక్ అని తగిలించారు. ఆర్గానిక్ చెరకు పంచదారైనా పంటికి పంచదారే.

ఆ పొడి ఎంతో చూడండి. మూడు గమ్మీలకు కలిపి 50 మిల్లీగ్రాములు. అందులో పన్నెండు రకాలు. చిటికెడు ఉప్పు దీనికంటే బరువు. ఆకుకూరల్లో నూటికి తొంభై పాళ్లు నీళ్లే కాబట్టి, 50 మిల్లీగ్రాముల ఎండు పొడి అంటే అర గ్రాము పచ్చి ఆకు. తోటకూర ఆకు ఒకటి తుంచి రెండు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. సీసా మీద బొమ్మ వేసిన పాలకూర, క్యారెట్, బ్లూబెర్రీ, బొమ్మ వేయని మిగతా తొమ్మిదీ ఆ ముక్కలోనే సర్దుకోవాలి.

మరి విటమిన్లు ఎక్కడివి? పేర్ల పక్కన చిన్న అక్షరాల్లో ఉంది. విటమిన్ సి ఎసిరోలా చెర్రీ నుంచి. ఇది నిజంగానే పండు నుంచి తీసింది, ఒప్పుకుంటాను. విటమిన్ ఎ దగ్గర రెటినైల్ పామిటేట్ అని, బి12 దగ్గర సయనోకోబాలమిన్ అని రాశారు. ఇవి ఫ్యాక్టరీలో తయారైనవి. అందులో తప్పేం లేదు. నేను రోజూ రాసిచ్చే సిరప్పుల్లోనూ అవే ఉంటాయి, ఒంటికి బాగానే పడతాయి. కాకపోతే మీ తమ్ముడు చెప్పిన "అచ్చంగా పళ్లు, కూరగాయలతో" అన్న మాట నిలబడదు. పాపం, అతను ముందువైపు చదివి ప్రేమగా పంపాడు.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా చూడాల్సిన అంకె. విటమిన్ ఎ దగ్గర 60 శాతం అని ఉంది. ఎవరికి 60 శాతం? అమెరికా లేబుళ్లలో నాలుగేళ్లు దాటిన పిల్లలకూ పెద్దలకూ ఒకటే కొలత. ఆ కొలత 900 మైక్రోగ్రాములు. అందులో 60 శాతం అంటే 540. మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు కావలసింది 510. అంటే 60 శాతం అని రాసింది మీ వాడికి నూటికి నూరు దాటిపోయింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు రెటినైల్ రూపంలో రోజుకు 900 దాటకూడదంటారు. మీ సీసా లెక్కన అయిదు గమ్మీలకే అక్కడికి చేరతాడు. ఎ, డి, ఇ, కె విటమిన్లు మిగిలితే ఒంట్లోనే, ముఖ్యంగా లివర్లో, కొవ్వులో ఉండిపోతాయి. సి, బి రకాల్లా మూత్రంలో పోవు. ఇదే ఎ విటమిన్ క్యారెట్, మామిడి లాంటివాటిలో ఉండే బీటా కెరోటిన్ రూపంలో ఉంటే ఈ భయం లేదు, ఒళ్లు తనకు కావలసినంతే మార్చుకుంటుంది. పైగా మీ బాబుకి తొమ్మిదో నెల నుంచి అయిదేళ్లు నిండేదాకా ఏఎన్ఎం అమ్మ ఎ విటమిన్ ద్రావణం వేసే ఉంటుంది. మొత్తం తొమ్మిది డోసులు. టీకా కార్డు తీసి చూడండి.

ఇక ఆ సీసాలో లేనివి. ఐరన్ సున్నా. కాల్షియం సున్నా. ఒక్క ఈ కంపెనీయే కాదు, గమ్మీలు చాలావాటిలో ఇంతే. ఐరన్ వేస్తే తుప్పు మేకు నాకినట్టుంటుంది, పిల్లలు ఉమ్మేస్తారు. అదీగాక మిఠాయి అనుకుని గుప్పెడు తినేస్తే ఐరన్ ప్రాణం మీదికి తెస్తుంది. కాల్షియం ఇబ్బంది వేరు, దానికి చోటు చాలదు. అయిదేళ్ల వాడికి రోజుకు 550 మిల్లీగ్రాములు కావాలి. అందుకు కాల్షియం కార్బొనేట్ పొడి గ్రామున్నర దగ్గరకొస్తుంది. రెండు మూడు గ్రాముల గమ్మీలో అంత సుద్ద కూరితే ఎవరు తింటారు?

మీరు రాసినదాన్ని బట్టి మీ బాబుకి కాల్షియం పాలలో దండిగా అందుతోంది. నా అనుమానమంతా ఐరన్ మీదే. పాలలో ఐరన్ దాదాపు లేదు. మూడు గ్లాసులతో కడుపు నింపేశాక వాడికి ఆకలెక్కడిది? కూర వద్దంటాడు, మనం తినలేదు కదా అని ఇంకో గ్లాసు పాలిస్తాం. మా క్లినిక్కి వచ్చే తల్లుల్లో సగం మంది మొదటి మాటే "గుంటడు ఏటీ తినడు డాక్టరమ్మా" అని. ఎన్ని పాలు తాగుతాడమ్మా అని అడిగితే అక్కడ దొరుకుతుంది చిక్కుముడి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత తేలింది. మీ బాబు కింది కనురెప్ప లాగి చూడండి. ఎర్రగా కాక తెల్లగా పాలిపోయి ఉందా? మట్టి, సుద్ద, బలపాలు తింటున్నాడా? ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. అయిదేళ్లు నిండిన పిల్లలకు 11.5 ఉండాలి. తక్కువుంటే ఐరన్ సిరప్ డాక్టరు రాసిస్తారు, ఏ గమ్మీ పనికిరాదు. వాడు ప్రభుత్వ బడిలో చదువుతుంటే వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు మాత్ర వేయించుకోనివ్వండి. అందులో 45 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా. పురుగులున్నన్నాళ్లూ మనం పెట్టినది అవి పంచుకుంటాయి.

తిండి సంగతి. పాలు రెండు గ్లాసులకు తగ్గించండి, అన్నానికి గంట ముందు అసలివ్వొద్దు. పప్పన్నం తింటాడంటున్నారు కదా, అదే మనకు దారి. కందిపప్పు ఉడికేటప్పుడే గుప్పెడు లేత మునగాకు వేసి మెత్తగా మెదిపేయండి. దించాక నిమ్మకాయ పిండండి. ఆ పులుపులోని సి విటమిన్ ఆకులోని ఐరన్ ఒంటికి పట్టేలా చేస్తుంది. వారంలో రెండు మూడు రోజులు పొద్దున్నే పాల బదులు చోడి (రాగి) అంబలి ఇవ్వండి. అన్నం వెంటనే టీ అలవాటుంటే మానిపించండి, టీ ఆ ఐరన్‌ని ఒంటబట్టనివ్వదు.

మా మనవడు నాలుగేళ్లప్పుడు వేసవికొచ్చి మునగాకు పప్పు చూసి "గడ్డి" అన్నాడు. డాక్టరమ్మ మనవడు! నేనేమీ అనలేదు. వాళ్ల తాతగారి కంచంలో ఆకు గారె ఉంటే అది లాక్కుని తిన్నాడు. అదే ఆకు. కొత్త రుచి పిల్లల నాలుకకు అలవాటవ్వాలంటే పది, పదిహేను సార్లు కంచంలో కనబడాలి. మూడోసారికే మనం ఓడిపోతాం, అదీ చిక్కు.

సీసాలు పారేయమనను, ఖరీదు పెట్టి పంపాడు. కావాలంటే రోజుకొక్కటి, మూడు కాదు. అన్నం తిన్నాక ఇచ్చి నీళ్లు పుక్కిలించమనండి. రాత్రి పళ్లు తోమాక మాత్రం ఇవ్వొద్దు. పళ్ల సందుల్లో బంకలా అతుక్కుంటుంది.

మా పాపకి మూడేళ్లు. ఆన్‌లైన్‌లో పిల్లల గమ్మీలు సగం ధరకే వస్తున్నాయి. ఏ కంపెనీది కొనమంటారు?
– ఒక తండ్రి, రాజాం

బాబూ, మూడేళ్ల పాపకి ఏ కంపెనీదీ వద్దు. నాలుగేళ్లు నిండేదాకా గమ్మీలు ఇవ్వకూడదు. మెత్తగా, జారుడుగా, సాగేలా ఉంటాయి. వెనక దంతాలతో నమిలే నేర్పు ఆ వయసుకి సరిగా రాదు. నవ్వుతూనో పరుగెడుతూనో మింగితే గొంతుకు అడ్డం పడుతుంది. పాపకి ఏదైనా తక్కువని డాక్టరు చెబితే చుక్కల మందో సిరప్పో ఉంటుంది. తినడానికి బాగుంటుందని మందు రూపం మార్చుకోకూడదు.

కంపెనీ పేరు ఈ పేజీలో చెప్పను. నాలుగేళ్లు దాటాక మీరే కొనాల్సి వస్తే ఎలా చూడాలో చెబుతాను. ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే మన ఆహార భద్రత సంస్థ, గుర్తు కింద 14 అంకెల లైసెన్సు నంబరుంటుంది. అది లేకపోతే చేతిలోంచి దించేయండి. హెల్త్ సప్లిమెంట్ అని, మందుగా వాడటానికి కాదని, పిల్లలకు అందకుండా ఉంచమని రాసి ఉండాలి. పిల్లల కోసం చేసినదాని మీద పిల్లలకు అందకుండా అని రాయడం విచిత్రంగా ఉంటుంది గానీ అది చాలా అవసరమైన వాక్యం, కింద బొబ్బిలి ఉత్తరం చదివితే మీకే తెలుస్తుంది. ఏ విటమిన్ ఎన్ని మిల్లీగ్రాములో, మైక్రోగ్రాములో విడివిడిగా రాయకుండా మొత్తానికి "బ్లెండ్" అని ఒక్క అంకె వేస్తే అది దాచడమే. ఒక్కో గమ్మీకి చక్కెర 2 గ్రాములు దాటనిది చూడండి. షుగర్ ఫ్రీ అంటే ఆగి చదవండి, పంచదార బదులు వేసే మాల్టిటాల్, సార్బిటాల్ అని ఉంటే ఎక్కువైన రోజు విరేచనాలు పట్టుకుంటాయి. అమెరికా సరుకైతే యూఎస్‌పీ వెరిఫైడ్ అన్న ముద్ర వెతకండి, సీసాలో ఉన్నది లేబుల్‌తో సరిపోతోందో లేదో బయటివాళ్లు పరీక్షించారని అర్థం. అక్కడ సప్లిమెంట్లను అమ్మకానికి ముందు ప్రభుత్వం ఆమోదించదు. 1994 చట్టం నుంచీ అంతే. అమెరికాది అంటే మనవాళ్లు కళ్లు మూసుకుని నమ్ముతారు కాబట్టి చెబుతున్నాను.

సగం ధర అన్నారు కదా, తేదీ చూశారా? గమ్మీల్లో తేమ ఉంటుంది గనక విటమిన్లు మాత్రలకంటే తొందరగా తగ్గిపోతాయి. అందుకే ఫ్యాక్టరీలో మొదట్లో కాస్త ఎక్కువే వేస్తారు. నేనూ ఒకసారి సగం ధరకు పడిపోయాను. మే నెల. పార్సిల్ ఎన్ని రోజులు ఏ గోడౌన్లో మగ్గిందో. మూత తీస్తే అరవై ఎలుగుబంట్లు కరిగి ఒకే ముద్దయి సీసా అడుగున కూర్చున్నాయి. చాకుతో గీరి ఒక ముక్క తీశాను. అది ఎన్ని గమ్మీలో, అందులో ఎంత విటమిన్ ఎ ఉందో డాక్టర్ని నాకే తెలియలేదు. వెనక్కి పంపుదామంటే తినే వస్తువులు తీసుకోరట. గంటకల్లా చెత్తబుట్ట చుట్టూ చీమల బారు.

మేము శాకాహారులం. గమ్మీల్లో జంతువుల ఎముకలు కలుస్తాయని మా ఆడపడుచు అంటోంది. నిజమా? వాటికి బదులు మా పిల్లలకు భీమాలి మామిడి తాండ్ర పెడితే సరిపోతుందా? అదీ పండే కదా!
– ఒక గృహిణి, విజయనగరం

మీ ఆడపడుచు చెప్పింది నిజమేనమ్మా. జెలాటిన్ అని ఉంటే అది పంది లేదా పశువుల చర్మం, ఎముకల నుంచి తీసింది. పెక్టిన్ అని ఉంటే నిమ్మ జాతి పళ్ల తొక్కల నుంచి, యాపిల్ నుంచి తీసింది. మన దేశంలో అమ్మేవాటి మీద ఆకుపచ్చ చుక్క చూసుకుంటే చాలు. మాంసాహారానికి గోధుమ రంగు త్రికోణం ఉంటుంది. బయటి నుంచి ఎవరైనా తెస్తే ఆ గుర్తులు ఉండవు, దినుసులు చదువుకోవాలి. ఎరుపు కోసం కార్మైన్ వేస్తే అది పురుగుల నుంచి తీసిన రంగు. విటమిన్ డి3 కూడా చాలావాటిలో గొర్రె ఉన్నిలోని జిడ్డు నుంచి తీస్తారు. ఇవేవీ పిల్లల ఆరోగ్యానికి చెడ్డవి కావు, పట్టింపు మీది కాబట్టి చెప్పాను.

తాండ్ర మాట ఎత్తారు, నోరూరించారు. లక్కవరపుకోట దగ్గర భీమాలిలో ఎండాకాలం మామిడి గుజ్జు చాపల మీద పరిచి, ఆరాక మళ్లీ పొర, మళ్లీ పొర. మా అమ్మ పుట్టిల్లు అటువైపే. చాప చారలు అచ్చు పడిన ముక్క చేతిలో పెడితే నమలడానికి అరగంట పట్టేది. మీరు అడిగిందీ న్యాయమే. హోల్ ఫుడ్ అన్న మాటకి తగిన గమ్మీ ఏదైనా ఉంటే అదే. సీసాలోవాటిలా పండు పొడి చిటికెడు కాదు, పండే ఎక్కువ.

కానీ రోజూ పెట్టమని చెప్పలేను. గుజ్జులో తీపి కోసం బెల్లమో పంచదారో కలుపుతారు. నీళ్లన్నీ ఆరిపోయాక ఆ తీపి చిక్కబడుతుంది. రోజుల తరబడి ఎండలో ఉండడంతో సి విటమిన్ చాలా మటుకు పోతుంది. పసుపు రంగునిచ్చే కెరోటిన్ కొంత నిలుస్తుంది. గమ్మీలాగే ఇదీ పళ్లకు అతుక్కునేదే. అందుకని ఆదివారం మధ్యాహ్నం చిన్న ముక్క, మిఠాయిగా. పేరు మిఠాయి అని చెప్పి మిఠాయి పెడితే మోసం లేదు. వేసవిలో మామిడిపండు పండుగానే పెట్టండి, మిగతా రోజుల్లో జామకాయ. వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాముల దాకా సి విటమిన్ ఉంటుంది. పిల్లలకు రోజుకు కావలసింది 35 దగ్గర. గంటస్తంభం దగ్గర తోపుడుబండి మీద ఉప్పూకారం జల్లి ఇస్తారే, అదే జామకాయ ఇంట్లో కడిగి కోసి ఇవ్వండి.

శాకాహారులన్నారు గనక ఒక్క మాట: బి12 పాలు, పెరుగుల నుంచే రావాలి మీకు. పిల్లలు అవి కూడా తినకపోతే చెప్పండి, అప్పుడు సప్లిమెంట్ ఆలోచించాల్సిందే.

మా కోడలు ఉద్యోగానికెళ్తుంది. మనవడు నా దగ్గరే ఉంటాడు. నాలుగున్నరేళ్లు. నిన్న మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే స్టూలెక్కి ఫ్రిజ్ మీది సీసా తీసి గమ్మీలు తినేశాడు. లెక్కపెడితే 17 తగ్గాయి. కడుపు నొప్పన్నాడు, రెండుసార్లు విరేచనమైంది, సాయంత్రానికి ఆడుకున్నాడు. కోడలికి చెప్పడానికి భయంగా ఉంది. ఏమైనా ప్రమాదమా?
– ఒక నాయనమ్మ, బొబ్బిలి

అమ్మా, మీ ఉత్తరం అందగానే ఫోన్ చేయించాను, జవాబు మీకు ముందే తెలుసు. మిగతావాళ్ల కోసం రాస్తున్నాను.

ఇలాంటప్పుడు మొదట చూడాల్సింది సీసా మీద ఐరన్ అని ఉందా అన్నది. ఉంటే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా పిల్లాడితో పాటు సీసా కూడా పట్టుకుని ఆసుపత్రికి. బండి లేకపోతే 108. పిల్లాడు బాగానే ఉన్నాడు కదా అని ఆగకూడదు. ఐరన్ ఎక్కువైతే మొదట వాంతులై, తర్వాత కొన్ని గంటలు కుదుటపడినట్టు కనిపించి, మళ్లీ ముంచుకొస్తుంది. వేలు పెట్టి వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్లు పట్టించవద్దు. మీ సీసాలో ఐరన్ లేదు. మీ వాడి విరేచనాలు సి విటమిన్ వల్లా చక్కెర వల్లా అయ్యాయి. విటమిన్ ఎ మాత్రం ఒక్కరోజు తిన్నదానికి హడలిపోనక్కర్లేదు, నెలల తరబడి రోజూ ఎక్కువైతేనే తలనొప్పి, వాంతులు, లివర్ ఇబ్బంది. అయినా రెండు నెలలు ఆ సీసా మూత తీయొద్దని చెప్పాను.

కోడలికి చెప్పేయండి. తప్పు మీ కునుకుది కాదు. ఫోన్లో మీరే అన్నారు, రోజూ పొద్దున్న "అన్నం తింటే చాక్లెట్ ఇస్తా" అని అదే సీసాలోంచి తీసి ఇస్తారట. నాలుగున్నరేళ్ల వాడు చాక్లెట్ ఎక్కడుందో చూసుకున్నాడు, స్టూలు వేసుకున్నాడు. ఇక నుంచి దాని పేరు మందు. తాళం వేసే బీరువాలో, మీ బీపీ మాత్రల పక్కన పెట్టండి. ఆ బీపీ మాత్రలు ఇప్పుడెక్కడ ఉన్నాయో కూడా ఒకసారి చూడండి.

మా అమ్మాయికి ఏడేళ్లు. కాళ్లు నొప్పులంటే పరీక్ష చేయిస్తే విటమిన్ డి బాగా తక్కువని వచ్చింది. డి ఉన్న గమ్మీలు ఇస్తే సరిపోతుందా? రోజూ ఉదయం ఆరున్నరకు ఎండలో కూర్చోబెడుతున్నాం కూడా.
– ఒక తల్లి, అరసవల్లి

సూర్యనారాయణస్వామి ఊళ్లో డి విటమిన్ కొరత! నవ్వుకోకండి, మీ వీధిలోనే ఇంకో ముగ్గురున్నారు. మార్చిలో, అక్టోబరులో స్వామి పాదాలు తాకే ఆ తొలి కిరణాలు దణ్ణం పెట్టుకోవడానికి. చర్మంలో డి తయారు కావడానికి కావలసిన కిరణాలు ఆరున్నరకు దాదాపు ఉండవు. పది దాటాక, మూడు లోపల, చేతులూ కాళ్లూ కప్పకుండా ఓ ఇరవై నిమిషాలు ఆడనివ్వండి. మన రంగు చర్మానికి ఆ మాత్రం కావాలి. నడి వేసవిలో పదిన్నరకే లోపలికి పిలిచేయండి.

గమ్మీతో మాత్రం ఈ లోటు తీరదు. పిల్లలకు రోజువారీ అవసరం 600 యూనిట్లు, గమ్మీల్లో ఉండేది అంతో, అంతకంటే తక్కువో. అది ఉన్నది జారిపోకుండా చూస్తుంది. మీ అమ్మాయికి ముందు పూడ్చాలి, దానికి పెద్ద డోసులో దాదాపు మూడు నెలల వైద్యం ఉంటుంది. పరీక్ష రాసిన డాక్టరుకే రిపోర్టు చూపించండి.

మాది ఉద్దానం. మా తోటలో వేసవొస్తే జీడిపళ్లు రాలి కుళ్లిపోతాయి, పిక్కలు మాత్రం అమ్ముకుంటాం. పట్నం నుంచి వచ్చిన మా అన్నయ్య పిల్లలు సి విటమిన్ గమ్మీలు తింటుంటే మా పిల్లలకూ కొనమంటున్నారు. కొనాలా?
– ఒక రైతు, వజ్రపుకొత్తూరు మండలం

కొనొద్దు బాబూ. మీ చెట్ల కింద కుళ్లుతున్న పండులో నారింజకంటే నాలుగైదు రెట్లు సి విటమిన్ ఉంది. నరసన్నపేట వాళ్ల సీసాలో ఎసిరోలా చెర్రీ అని గొప్పగా రాశారు, ఎక్కడో దూరదేశపు పండు. మీ జీడిపండుకి అలాంటి లేబుల్ వేసేవాళ్లు లేరు, అంతే.

పిల్లలు ఎందుకు తినరో నాకు తెలుసు. గొంతు గరగరలాడుతుంది, నాలుక మొద్దుబారుతుంది. అది పండులోని వగరు. బాగా పండి అప్పుడే రాలినదాన్ని కడిగి, చక్రాల్లా కోసి, ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి తీస్తే చాలావరకు పోతుంది. మా ఇంట్లో పైన చిటికెడు కారం కూడా జల్లుతాం. రసం తీసి గంజి కలిపితే వగరు అడుగుకి దిగుతుంది, పైతేట వడకట్టుకుని తాగొచ్చు. ఉదయం రాలినది సాయంత్రానికి పనికిరాదు, అందుకే ఈ పండు శ్రీకాకుళం బజారుకి కూడా రాదు, మీ తోట దగ్గరే తినాలి. రసం బట్టల మీద పడితే మరక వదలదు, పాత చొక్కాలు తొడగండి.

పిక్క మాత్రం మీరే తుంచేసి పండు చేతికివ్వండి. పిల్లలు సరదాకి పచ్చి పిక్క కొరుకుతారు. పోయిన ఏప్రిల్లో మీ వైపు నుంచే ఒక పిల్ల వచ్చింది, పిక్క పెంకులోని జీడి రసం తగిలి పెదాలు, గడ్డం అంతా బొబ్బలు. వారం రోజులు గ్లాసుతో నీళ్లు తాగలేక చెంచాతో తాగింది.